చీర లేబుల్ మీది బార్‌కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే ఆ చీర వెబ్ పేజీ తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: నారాయణపేట చీరల దుకాణం

అందరికీ నమస్కారం. నారాయణపేటలో మాకు చేనేత చీరల దుకాణం ఉంది. ఇక్కడి నేత కుటుంబాల దగ్గర కొనే చీరలతో పాటు గద్వాల నుంచి వచ్చే చీరలను కూడా అమ్ముతాము. ప్రతి చీరకూ ఒక అట్ట లేబుల్ కట్టి, దాని మీద ఎనిమిది అంకెల సంఖ్యను కోడ్ 128 పద్ధతిలో గీతల బార్‌కోడ్‌గా ముద్రిస్తున్నాము. గల్లా పెట్టె దగ్గర ఉన్న లేజర్ స్కానర్‌తో ఆ గీతలను చదివిస్తే బిల్లింగ్ ప్రోగ్రాంలో చీర రకం, ధర వస్తాయి. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

హైదరాబాద్ నుంచి, అటు రాయచూరు నుంచి వచ్చే కొనుగోలుదారులు ఈ మధ్య ధర కన్నా ముందు చీర వివరాలు అడుగుతున్నారు. ఏ ఊరి మగ్గం మీద నేశారు, నూలు ఎంత, పట్టు ఎంత, మొదటిసారి ఎలా ఉతకాలి అనేవి వారి ప్రశ్నలు. ఈ వివరాలతో ప్రతి చీరకూ ఒక చిన్న వెబ్ పేజీ తయారు చేయించి, లేబుల్‌ను ఫోనుతో స్కాన్ చేయగానే అది తెరుచుకునేలా చేయాలని మా ఆలోచన. అయితే ఇప్పుడున్న బార్‌కోడ్‌ను ఫోనుతో చదివిస్తే కొన్ని ఫోన్లు పట్టించుకోవడమే లేదు, కొన్ని ఉత్త అంకెలను చూపిస్తున్నాయి, మరికొన్ని ఆ అంకెలను ఇంటర్నెట్‌లో వెతికి సంబంధం లేని వస్తువులను చూపిస్తున్నాయి.

ఉన్న బార్‌కోడ్‌తోనే పని జరిగే మార్గం ఉందా, లేక గళ్ల రూపంలో ఉండే క్యూఆర్ కోడ్‌కు మారక తప్పదా? మారితే కొత్త స్కానర్ కొనాలా? నెలకు ఇంత అని రుసుము తీసుకుని కోడ్‌లు, పేజీలు అన్నీ తామే చూసుకుంటామని ఒకరు చెబుతున్నారు. దానికి ఒప్పుకోవచ్చునా?

సమాధానం 1: మిర్యాలగూడ గిడ్డంగి లెక్కలు

మీ బార్‌కోడ్‌లో ఎనిమిది అంకెలు తప్ప మరేమీ లేవు. వెబ్ చిరునామా గానీ, చీర పేరు గానీ, ధర గానీ అందులో లేవు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో దస్తావేజు సంఖ్య చెబితే పుస్తకం తీసి చూసేవారు ఒకరు ఉండాలి కదా, ఇక్కడ ఆ పుస్తకం మీ బిల్లింగ్ ప్రోగ్రాంలో ఉంది. కొనుగోలుదారు ఫోనుకు ఆ పుస్తకం అందుబాటులో లేదు కనుక అది అంకెలను చూపించి ఊరుకుంటోంది, లేదా సొంతంగా ఊహిస్తోంది. కాబట్టి సంఖ్య నుంచి చిరునామాకు దారి చూపే పట్టికను ఎక్కడ ఉంచాలి, ఎవరి చేతిలో ఉంచాలి అనేదే మీరు తేల్చుకోవలసిన అసలు విషయం. గీతలా, గళ్లా అన్నది ఆ తరువాతి మాట.

వెబ్ చిరునామాను గీతలలోనే ఇరికించవచ్చని ఎవరైనా చెబితే అది అబద్ధం కాదు, కోడ్ 128లో అక్షరాలు కూడా పడతాయి. అయితే మీ ఎనిమిది అంకెలకు సాధారణ లేబుల్ ప్రింటర్ మీద రెండు సెంటీమీటర్ల పొడవు సరిపోతుండగా, పాతిక ముప్పై అక్షరాల చిరునామాకు ఎనిమిది సెంటీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. పైగా చాలా ఫోన్ల కెమెరాలు గీతల కోడ్‌ను చదివి నేరుగా లింక్ తెరవవు. ఆ దారి వదిలేయండి.

ఇప్పుడున్న లేబుల్‌నూ, ఇప్పుడున్న లేజర్ స్కానర్‌నూ మార్చకుండా కూడా పేజీ తెరవవచ్చు. కాకపోతే అది కొనుగోలుదారు ఫోనులో కాదు, మీ దుకాణంలోని కంప్యూటరులో. యూఎస్‌బీ స్కానర్‌ను కంప్యూటరు ఒక కీబోర్డుగానే చూస్తుంది. స్కానర్ సంఖ్యను చదివి, ఎవరో టైపు చేసినట్టుగా అంకెలను కొట్టి, చివర ఎంటర్ నొక్కుతుంది, అంతే. కనుక కర్సర్ బిల్లింగ్ పెట్టెలో ఉంటే బిల్లు పడుతుంది, బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ఉంటే బ్రౌజర్ ఆ సంఖ్యను వెతుకుతుంది. క్రోమ్ సెట్టింగులలో సైట్ సెర్చ్ అనే చోట మీ సైటు చిరునామాను రాసి, చీర సంఖ్య రావలసిన చోట శాతం గుర్తునూ దాని వెంట చిన్న ఎస్ అక్షరాన్నీ ఉంచి, దానికి ఒక చిన్న సంకేతపదం పెట్టుకోవచ్చు. ఆ తరువాత అడ్రస్ బార్‌లో సంకేతపదం కొట్టి, స్పేస్ నొక్కి, లేబుల్ మీద స్కానర్ పెడితే నేరుగా ఆ చీర పేజీ వస్తుంది. కొన్ని స్కానర్లలో ఇంకా సులువైన ఏర్పాటు ఉంటుంది. వాటితో వచ్చే పుస్తకంలోని సెట్టింగు బార్‌కోడ్‌లను వరుసగా చదివిస్తే, ప్రతి సంఖ్యకు ముందు ఒక స్థిరమైన చిరునామా ముక్క తనంతట తానే చేరుతుంది.

ఇందులో మన ప్రాంతంలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. కంప్యూటరులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకుని ఉండగా స్కాన్ చేస్తే, స్కానర్ పంపేది మీటల గుర్తులే కనుక, చిరునామాలోని ఆంగ్ల అక్షరాలు తెలుగు అక్షరాలుగా మారిపోతాయి. క్యాప్స్ లాక్ వేసి ఉంటే చిన్న అక్షరాలు పెద్దవి అవుతాయి. స్కానర్ పాడైందని మరమ్మతుకు ఇచ్చే ముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఇక నెల రుసుము మాట. 2000లో అమెరికాలో డిజిటల్ కన్వర్జెన్స్ అనే సంస్థ క్యూక్యాట్ అనే పిల్లి ఆకారపు స్కానర్‌ను ఉచితంగా పంచింది. రేడియోషాక్ దుకాణాలలో అడిగినవారికి ఇచ్చారు, ఫోర్బ్స్, వైర్డ్ పత్రికల చందాదారులకు ఇంటికే పంపారు. దానిని కంప్యూటరుకు తగిలించి పత్రికలోని ప్రకటన పక్కనున్న గీతల మీద గీస్తే, ఆ సంఖ్య ముందుగా సంస్థ సర్వర్‌కు వెళ్లి, అక్కడి పట్టిక చెప్పిన వెబ్ పేజీ తెరపైకి వచ్చేది. ప్రతి పరికరానికీ ప్రత్యేకమైన క్రమసంఖ్య ఉండడంతో ఎవరు ఏ ప్రకటన చూస్తున్నారో సంస్థకు తెలిసిపోతుందని అప్పట్లోనే పెద్ద గొడవ అయింది. పత్రిక చదవడానికి కంప్యూటరు ముందు కూర్చోవాలనడం జనానికి నచ్చలేదు, సంస్థ ఎంతో కాలం నిలవలేదు. అది పోయాక అచ్చయిన గీతలన్నీ ఎక్కడికీ దారి చూపని గీతలుగా మిగిలాయి. మీ పట్టికను వేరొకరి చేతిలో పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా సలహా. దుకాణంలో చూపించడమే మీ అవసరమైతే, గల్లా పక్కన ఒక పాత కంప్యూటరు, ఉన్న స్కానర్ చాలు, క్యూఆర్ కోడ్ ఖర్చు అక్కరలేదు.

సమాధానం 2: పాలమూరు బిల్లింగ్ సాయం

మిర్యాలగూడ వారు చెప్పిన పట్టిక సంగతితో పూర్తిగా ఏకీభవిస్తాను, చివరి వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. చీర కొనేవారు పరుపు మీద కూర్చుని, పది చీరలు విప్పించుకుని, పక్కవారితో మాట్లాడుకుంటూ చూస్తారు. ప్రతి చీరనూ గల్లా పక్కనున్న కంప్యూటరు దగ్గరకు తీసుకుపోయి వివరాలు చదవమంటే ఎవరూ లేవరు. క్యూక్యాట్ పట్ల జనం చూపిన అయిష్టం కూడా ఇదే కదా. పైగా చీరను బహుమతిగా అందుకున్నవారు ఉతికే పద్ధతి కోసం ఇంట్లో స్కాన్ చేస్తారు, వారి దగ్గర ఉండేది ఫోను మాత్రమే. కనుక కొనుగోలుదారు కోసం క్యూఆర్ కోడ్ ఉండవలసిందే.

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం రూపొందించింది. వాహనాల విడిభాగాల లెక్క కోసం పుట్టిన కోడ్ అది, వెబ్ పేజీల కోసం కాదు. గీతల కోడ్‌లో సమాచారం ఒక్క దిశలోనే ఉంటుంది, గళ్ల కోడ్‌లో అడ్డంగానూ నిలువుగానూ ఉంటుంది. అందువల్ల అతి పెద్ద క్యూఆర్ కోడ్‌లో 4,296 అక్షరాల వరకు పడతాయి. అలాగని ఎక్కువ నింపకండి. ఎంత నింపితే గళ్లు అంత చిన్నవై, నాసిరకం ముద్రణలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మీరు వేయవలసింది వివరాలు కాదు, పొట్టి చిరునామా ఒక్కటే.

మీ పేరుతో ఎనిమిది అక్షరాల డాట్ ఇన్ డొమైన్, అంటే సొంత వెబ్ పేరు, ఒకటి తీసుకుని, దాని తరువాత ఏటవాలు గీత, ఇప్పుడు వాడుతున్న ఎనిమిది అంకెల సంఖ్య వేశారనుకుందాం. చిరునామా మొదట వచ్చే హెచ్‌టీటీపీఎస్, దాని గుర్తులతో కలిపి మొత్తం 28 అక్షరాలు అవుతాయి. దీన్ని చిన్న అక్షరాలతో రాస్తే మధ్యస్థ దోష సవరణ స్థాయిలో (కోడ్ కొంత చెరిగినా చదవగలిగేలా చేసే ఏర్పాటు ఇది) 29 వరుసల గళ్ల కోడ్ పడుతుంది. అదే చిరునామాను పూర్తిగా పెద్ద ఆంగ్ల అక్షరాలతో రాస్తే 25 వరుసలతో సరిపోతుంది, ఎందుకంటే పెద్ద అక్షరాలకూ అంకెలకూ క్యూఆర్‌లో పొదుపైన అమరిక వేరుగా ఉంది. డొమైన్ పేరులో పెద్దా చిన్నా తేడా లేదు. డొమైన్ తరువాతి భాగంలో తేడా ఉండవచ్చు కాబట్టి అక్కడ మీలాగా అంకెలే వాడడం మంచిది. చిరునామాలో తెలుగు పదాలు పెట్టాలనే కోరిక ఉంటే మానుకోండి. చీర అనే రెండక్షరాల మాట ఒక్కటే చిరునామాలోకి మారేసరికి 27 గుర్తులవుతుంది. తెలుగు పేజీలో నిండుగా ఉంటే చాలు.

ముద్రణ విషయానికి వస్తే, మన దుకాణాలలో ఎక్కువగా కనిపించే, అంగుళానికి 203 చుక్కల లేబుల్ ప్రింటర్‌లో మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు పడతాయి. ఒక్కో గడికి నాలుగు చుక్కలు ఇస్తే గడి అర మిల్లీమీటరు, 25 వరుసల కోడ్ పన్నెండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. చుట్టూ నాలుగు గళ్ల మేర తెల్లటి ఖాళీ తప్పనిసరి. దానితో కలిపి పదహారున్నర మిల్లీమీటర్ల చోటు కావాలి. అందంగా ఉంటుందని ఆ ఖాళీలో జరీ అంచు బొమ్మ వేయించేవారు ఉన్నారు. కోడ్‌ను చుట్టూ ఉన్నవాటి నుంచి కెమెరా విడిగా గుర్తించడానికి ఆ ఖాళీ అవసరం. మెరూన్ అట్ట మీద తెల్ల గళ్లు వేయడం కూడా వద్దు, తిరగబడిన రంగులను కొన్ని స్కానర్లు చదవలేవు. వేడితో నల్లబడే కాగితం కాకుండా రిబ్బన్‌తో ముద్రించే లేబుల్ తీసుకోండి. దుకాణం దీపాల కింద, అద్దాల అల్మారాలో ఎండ తగిలే చోట, వేడి కాగితం మీది ముద్ర కొన్నాళ్లకు వెలిసిపోతుంది.

నెల రుసుము గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. సర్వర్ చూసుకునే మనిషి మీ దగ్గర లేకపోతే డబ్బు ఇచ్చి చేయించుకోవడంలో తప్పు లేదు. కోడ్‌లో అచ్చయ్యే డొమైన్ మాత్రం మీ పేరున ఉండాలి. తెరుచుకునే పేజీని తరువాత మార్చుకోవచ్చంటూ చాలామంది అమ్మే క్యూఆర్‌లో ఉండేది వారి సొంత చిరునామా. రుసుము ఆపిన మరునాటి నుంచి మీ లేబుళ్లు పని చేయకపోవచ్చు. డొమైన్ మీదైతే పేజీలను ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు మార్చినా అచ్చయిన లేబుల్ మారనక్కరలేదు. ఆ డొమైన్‌కు ఏటా కట్టవలసిన రుసుమును మరవకూడదు. గడువు దాటాక దానిని ఇంకెవరైనా కొనుక్కుంటే మీ చీర లేబుల్ వారి పేజీకి దారి తీస్తుంది. అచ్చయిన చిరునామా నుంచి అసలు పేజీకి పంపే దారి మళ్లింపు పెట్టించేటప్పుడు తాత్కాలిక రకమైన 302 అడగండి. శాశ్వత రకమైన 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుని, మీరు తరువాత మార్చినా పాత చోటికే వెళ్లవచ్చు.

సమాధానం 3: వనపర్తి బడి పంతులు

దుకాణాల వ్యవహారం నాకు తెలియదు గానీ, పిల్లల చేత పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌లు చదివించే పని ఉన్నందున ఒక్క విషయం చేర్చుతాను. మన పుస్తకాలలోని కోడ్‌లు దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలోని పాఠానికి దారి చూపిస్తాయి, ఆ కోడ్‌తో పాటు ఆరు అక్షరాల చిన్న సంకేతం కూడా అచ్చయి ఉంటుంది. పేజీ నలిగినా, కెమెరా మసకబారినా ఆ సంకేతాన్ని టైపు చేసి అదే పాఠానికి చేరవచ్చు. మీరు కూడా క్యూఆర్ కింద డొమైన్ పేరునూ, చీర సంఖ్యనూ కంటితో చదవగలిగే అక్షరాలలో వేయండి. చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె అటు ఇటైతే వేరే చీర పేజీ రాకుండా, సంఖ్య చివర ఒక సరిచూసే అంకె చేర్చమని పేజీలు తయారు చేసేవారికి చెప్పండి. పేజీ బరువు కూడా తక్కువగా ఉంచండి. అచ్చంపేట దాటి అమ్రాబాద్ వైపు వెళితే సిగ్నల్ దొరకడమే గొప్ప, అక్కడ పెద్ద ఫోటోలతో నిండిన పేజీ తెరుచుకునేలోగా చదివే ఓపిక పోతుంది.

సమాధానం 4: దేవరకొండ ఫోన్ల మరమ్మతు

కోడ్‌లో ఏముందో కంటికి కనిపించదు. మోసగాళ్లకు అదే అదను. దుకాణం గోడ మీద, గల్లా బల్ల మీద పెట్టే క్యూఆర్ మీద వేరొక స్టిక్కర్ అతికించి పోవడం తేలిక. అది మీ పేజీని పోలిన పేజీకో, వేరొకరి యూపీఐ ఖాతాకో తీసుకుపోతుంది. కనుక చీర లేబుల్ మీది కోడ్‌నూ, డబ్బు కట్టే కోడ్‌నూ ఒకే చోట పక్కపక్కన ఉంచకండి. చీర వివరాల పేజీలో ఫోను నంబరు, ఓటీపీ, కార్డు వివరాలు అడిగే పెట్టెలు అసలే పెట్టకండి. అప్పుడు అలాంటివి అడిగే పేజీ మీది కాదని కొనుగోలుదారులకు ధైర్యంగా చెప్పగలరు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదని ఒక చిన్న బోర్డు కూడా రాసి పెట్టండి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయమనండి.

ఇంకొకటి. మీ సంఖ్యలు వరుసగా ఉంటే, చివరి అంకె మార్చుకుంటూ పోయి మీ దగ్గర ఎన్ని చీరలున్నాయో, వాటి వివరాలేమిటో పోటీదారు ఇంట్లో కూర్చుని చూసేయగలడు. బట్టల దుకాణాలలో కొన్న ధరను అక్షరాల సంకేతంగా లేబుల్ మీద రాసుకునే అలవాటు ఉంటుంది కదా, ఆ సంకేతం గానీ కొన్న ధర గానీ పేజీలోకి పొరపాటున కూడా చేరకూడదు. నేతన్న పేరు, ఫోటో పెట్టాలనుకుంటే వారిని అడిగి పెట్టండి, ఫోను నంబరు మాత్రం వద్దు.

నారాయణపేట చీరల దుకాణం

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. సొంత డొమైన్ తీసుకుని, పేజీల పని మాత్రం బయట చేయించాలని అనుకుంటున్నాము. రెండు సందేహాలు మిగిలాయి. గీతల కోడ్ తీసేసి క్యూఆర్ ఒక్కటే ఉంచితే బిల్లింగ్ ఎలా? తెలిసినవారి దగ్గర గళ్లు చదివే స్కానర్ అరువు తెచ్చి ప్రయత్నిస్తే, చిరునామా మొత్తం బిల్లింగ్ పెట్టెలో పడి, అలాంటి వస్తువు లేదని ప్రోగ్రాం చెబుతోంది. రెండోది, చీర అమ్ముడుపోయాక ఆ పేజీని తీసేయాలా?

సమాధానం 5: పాలమూరు బిల్లింగ్ సాయం

బిల్లింగ్ ప్రోగ్రాం తప్పేమీ లేదు, స్కానర్ చదివినదంతా కీబోర్డులా కొట్టేసింది. చీర సంఖ్యకు ముందున్న భాగం ప్రతి లేబుల్‌లోనూ ఒకే పొడవు ఉంటుంది కాబట్టి, గళ్లు చదివే స్కానర్లలో చాలావాటికి మొదటి ఇన్ని అక్షరాలు వదిలేసి మిగిలినవే పంపమని సెట్ చేయవచ్చు. అయితే మీ లేజర్ స్కానర్ బాగా పనిచేస్తుండగా అది కూడా అవసరం లేదు. లేబుల్ ముందు వైపు ఇప్పటి గీతల కోడ్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచి, వెనుక వైపు క్యూఆర్ వేయండి. లేజర్ కిరణం ఒక్క గీత మీదుగా మాత్రమే పోతుంది కనుక గళ్లను చదవలేదు, రెండు కోడ్‌లూ ఒకదానికొకటి అడ్డం రావు. రెండింటిలోనూ ఒకే సంఖ్య ఉండేలా చూసుకోండి. వనపర్తి వారు చెప్పిన సరిచూసే అంకె చేర్చితే బిల్లింగ్‌లో కూడా చేర్చాలి.

ముందు ముందు పెద్ద మాల్‌లకు సరఫరా చేసే ఆలోచన ఉంటే అప్పుడు సొంత సంఖ్యలు చాలవు, వస్తువులకు బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే జీఎస్1 ఇండియా సంస్థ నుంచి 890తో మొదలయ్యే సంఖ్యలు తీసుకోవలసి రావచ్చు. ఆ సంస్థ డిజిటల్ లింక్ అనే పద్ధతిలో వస్తువు సంఖ్యనే వెబ్ చిరునామా లోపల ఒక నిర్ణీత చోట అమర్చుతారు. ఒకే క్యూఆర్‌ను గల్లా స్కానర్ సంఖ్యగానూ, ఫోను లింకుగానూ చదువుకోవడం దాని ఉద్దేశం. 2027 చివరికల్లా దుకాణాల గల్లా స్కానర్లు ఇలాంటి కోడ్‌లను చదవగలిగేలా చేయాలని జీఎస్1 ప్రపంచవ్యాప్తంగా లక్ష్యంగా పెట్టుకుంది. ఈ పద్ధతిలో కూడా మీ సొంత డొమైన్‌నే వాడవచ్చు.

అమ్ముడుపోయిన చీర పేజీని తీసేయకండి. కొన్నవారు దానిని స్కాన్ చేసేది ఎక్కువగా కొన్న తరువాతనే. ధర, కొనమనే మాటలు తీసేసి, నేత వివరాలు, ఉతికే పద్ధతి, మీ దుకాణం చిరునామా ఉంచండి. ఆ సంఖ్యను మరో చీరకు మళ్లీ ఎన్నడూ ఇవ్వకండి. బిల్లింగ్ ప్రోగ్రాంలో పాత సంఖ్యలను తిరిగి వాడే సెట్టింగు ఉంటే, మొదటి క్యూఆర్ లేబుల్ అచ్చు వేయడానికి ముందే దానిని ఆపించండి.